ఓపెన్ సోర్స్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు నీ ఫోన్‌లో తెలుగు విరిగే చోటు చూడు

ప్రశ్న ఇదీ: "అన్నా, బీటెక్ అయి ఏడాదైంది. అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సు చేశాను. జావాస్క్రిప్ట్, పైథాన్ కొద్దిగా వచ్చు. ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్లు ఉంటే ఇంటర్వ్యూల్లో విలువ ఉంటుందంటున్నారు. గిట్‌హబ్ తెరిస్తే ఏ ప్రాజెక్టు చూసినా తల తిరుగుతోంది. ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?"

తమ్ముడూ, ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, వాడుకునేలా బయటపెట్టిన సాఫ్ట్‌వేర్. అలాంటి కోడ్ చాలావరకు ఉండే సైటు గిట్‌హబ్. ముందు అక్కడ ప్రాజెక్టు కోసం వెతకడం ఆపెయ్. ఏం కొనాలో తెలియకుండా సంతలో తిరిగినట్టుంటుంది ఆ పని. కాళ్లనొప్పులు తప్ప చేతికేమీ రాదు. దాని బదులు నువ్వు రోజూ వాడేవన్నీ ఒక కాగితం మీద రాసుకో. ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్, కోర్సులో చెప్పిన రియాక్ట్, జాంగో, పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి దించుకున్న ప్యాకేజీలు, ఇవి దాదాపు అన్నీ ఓపెన్ సోర్సే. వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు నిన్ను విసిగించే ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లో రాసినట్టే చేసినా ఎర్రర్ వచ్చి ఉంటుంది, లేదా తెలుగు పేరు టైప్ చేస్తే వత్తు ఊడి పక్కన పడి ఉంటుంది. ఆ విసుగు పుట్టిన చోటే నీ పని ఉంది.

నా సంగతి ఒకటి చెప్తాను, కొంచెం వివరంగానే.

రెండేళ్ల కింద ఇంటి లెక్కల కోసం ఒక చిన్న ఓపెన్ సోర్స్ యాప్ వాడేవాళ్లం. మా ఆవిడ అందులో "కిరాణా ఖర్చులు" అని ఒక పద్దు తెరిచింది. జాబితాలోకి వచ్చేసరికి అది "కిరాణా ఖర్" అని, పక్కన మూడు చుక్కలతో కనిపించింది. "కిరాణా కొట్లో ఈ ఖరుడెవడు, దూషణుడు కూడా వస్తాడా?" అంది. నవ్వి ఊరుకోబోయి, రాత్రి అన్నం తిన్నాక కోడ్ తెరిచాను. పేరు పది అక్షరాలు దాటితే అక్కడికి కోసేసి చుక్కలు పెట్టమని ఉంది. ఇంగ్లీషు వరకు ఏ గొడవా లేదు.

మనం చదివితే కి, రా, ణా, ఖ, ర్చు, లు. ఆరు అక్షరాలు, మధ్యలో ఖాళీతో ఏడు. పది ఎక్కడ దాటింది? కంప్యూటర్ లెక్క వేరు. ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్. అందులో "కి" అంటే క ఒకటి, గుడి ఒకటి. "ర్చు" అంటే ర, పొల్లు, చ, కొమ్ము, మొత్తం నాలుగు. అలా పద్దు పేరు 14 తేలింది. పదో దగ్గర కత్తి వేస్తే సరిగ్గా ర తర్వాతి పొల్లు దగ్గర తెగింది. మిగిలింది "ఖర్".

ఇష్యూ, అంటే ప్రాజెక్టు పేజీలో ఆ తప్పు గురించి ఒక ఫిర్యాదు, రాశాను. మొదటిసారి నేను రాసింది ఒకే వాక్యం: తెలుగు సరిగా కనబడటం లేదు. ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ జర్మనీ మనిషి. "నా దగ్గర బాగానే కనిపిస్తోందే" అన్నాడు. అతని తప్పేముంది? తెలుగు రాని కంటికి "ఖర్" అయినా "ఖర్చులు" అయినా ఒకే రకం ముగ్గు. అప్పుడు కుదురుగా కూర్చుని మళ్లీ రాశాను. ఏ వెర్షన్, ఏ ఫోన్, నేను టైప్ చేసిన మాట (అతను కాపీ చేసుకుని పెట్టి చూసుకునేలా), ఏం కనిపించాలి, ఏం కనిపించింది, ఒక స్క్రీన్‌షాట్, కింద పైన చెప్పిన అక్షరాల లెక్క. చివర ఒక మాట చేర్చాను: మీ భాషలో నెత్తిన రెండు చుక్కలుండే అక్షరాలున్నాయి కదా, వాటిని మధ్యకు కోసి చుక్కలు పారేస్తే ఎలా ఉంటుందో మాకు ఇది అలా ఉంది. అరగంటలో జవాబొచ్చింది. అర్థమైంది, ప్యాచ్ (దిద్దిన కోడ్ ముక్క) పంపగలవా అని.

ప్యాచ్ నాలుగు లైన్లు. జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ డాట్ సెగ్మెంటర్ అని ఒక సదుపాయం ఉంది, చదివే మనిషి లెక్కకు దగ్గరగా అక్షరాలను విడదీసి ఇస్తుంది. దాన్ని పెట్టి, ఈ పద్దు పేరు ఏడు అక్షరాలు రావాలి అని టెస్టు రాశాను. నా లాప్‌టాప్‌లో పాసైంది. పంపిన ప్రతి మార్పునూ తనంతట తానే పరీక్షించే వాళ్ల సీఐలో ఎనిమిది వచ్చి ఫెయిలైంది. ఒక ఆదివారం సగం దీనికే పోయింది. తీరా చూస్తే, యూనికోడ్ పాత నియమం ప్రకారం "ర్" ఒక ముక్క, "చు" ఇంకో ముక్క. తెలుగు, దేవనాగరి లాంటి కొన్ని లిపుల్లో హల్లునూ దాని వత్తునూ కలిపి ఒకే అక్షరంగా లెక్కపెట్టాలన్న నియమం 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో చేరింది. వాళ్ల సీఐలో జావాస్క్రిప్ట్‌ను నడిపించే నోడ్ పాతది, దానికి ఈ కొత్త నియమం తెలియదు. దాంతో, కోసిన చోట పొల్లు మిగిలితే ఇంకో అడుగు వెనక్కి వెళ్లాలని చేర్చాం. పంపిన కోడ్‌ను వాళ్లు చదివి చూసే రివ్యూలో ఇంకొకావిడ అడిగింది, నిజంగానే పొల్లుతో ముగిసే మాటలు లేవా మీకు అని. ఎందుకు లేవు, ఫోన్, బస్, పెట్రోల్! అందుకని కత్తి పడినప్పుడే ఈ నియమం, పేరు పూర్తిగా పట్టినప్పుడు దాని జోలికి పోకూడదు అని రాసి, ఆ రెండింటికీ టెస్టులు పెట్టాం. నాలుగు లైన్లకు మూడు వారాలు పట్టింది. ఓపెన్ సోర్స్‌లో ఇది మామూలు వేగమే.

ఆ యాప్ రాసినవాళ్లు నాకంటే ఎంతో గట్టివాళ్లు. అయినా "ఖర్" తప్పని వాళ్లకు తెలిసే దారి లేదు, మా ఆవిడకు ఒక్క చూపుకే తెలిసింది. ఇంగ్లీషు అంతంతమాత్రం అని నువ్వు సిగ్గుపడుతున్నావే, నీకు తెలుగు చదవడం వచ్చన్నది ఆ ప్రాజెక్టుల్లో చాలావాటికి లేని సరుకు. పెద్ద కంపెనీలకే తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న ఒక్క అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ అప్పటికప్పుడు 11.2.6 అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లం తెరిచి చూడలేం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ తెలుగు అక్షరాలు పేర్చడానికి వాడే హార్ఫ్‌బజ్ మాత్రం ఓపెన్ సోర్సే, దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు. నీ మొదటి పనికి దాని లోతు వద్దులే. పేర్లు కోసేచోట, వెతికేచోట, అకారాది క్రమంలో పెట్టేచోట, పీడీఎఫ్‌లోకి ఎగుమతి చేసేచోట తెలుగు పెట్టి చూడు. ఏదో ఒకటి విరుగుతుంది, నాదీ హామీ.

కోడ్ రాయకుండా చేయగలిగేవి ఇంకా ఉన్నాయి. ఏ ప్రాజెక్టులో చూసినా పాత ఇష్యూలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒకటి తీసుకుని, ఇప్పటి వెర్షన్‌లో ఆ తప్పు ఇంకా వస్తోందా చూసి, "ఫలానా వెర్షన్‌లో, ఫలానా సిస్టమ్ మీద చేసి చూశాను, ఇంకా వస్తోంది, ఇవిగో మెట్లు" అని రాస్తే మెయింటెయినర్‌కు ఒక పూట పని తగ్గుతుంది. ఇంకొకటి, ప్రాజెక్టును మొదటిసారి నీ లాప్‌టాప్‌లో నడిపించేటప్పుడు తగిలిన ప్రతి రాయినీ నోట్ చేసుకో. పదేళ్లుగా అందులో ఉన్నవాడికి ఆ రాళ్లు కనపడవు, నడిచి నడిచి అలవాటైపోయాయి. నీకూ నెల తిరిగితే కనపడవు. ఇన్‌స్టలేషన్ గైడ్‌లో తప్పిపోయిన ఒక్క మెట్టు చేర్చడం నిజమైన కాంట్రిబ్యూషనే.

చిన్న తేడాను పట్టించుకోవడం ఎంత దూరం వెళ్తుందో 2024 మార్చిలో చూశాం. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, ఎస్‌ఎస్‌హెచ్‌తో వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపెట్టాడు. పెట్టినవాడు రెండేళ్లకు పైగా మంచి కాంట్రిబ్యూటర్‌లా నటిస్తూ, అలసిపోయిన మెయింటెయినర్ నమ్మకం సంపాదించుకున్నాడు. అది గుర్తుపెట్టుకుంటే, కొత్తవాడివి నువ్వు ప్యాచ్ పంపినప్పుడు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగారని నొచ్చుకోవు.

ఇక గిట్, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే పనిముట్టు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పని కోసం రాసుకున్నది, అందుకే మొదట మొరటుగా అనిపిస్తుంది. అమీర్‌పేట జిరాక్స్ షాపు లెక్కన అర్థం చేసుకో. ఫోర్క్ అంటే అసలు కాగితానికి నీ పేరు మీద ఒక జిరాక్స్. క్లోన్ అంటే దాన్ని ఇంటికి తెచ్చుకోవడం. బ్రాంచ్ అంటే ఈ దిద్దుబాటు కోసం విడిగా పెట్టుకున్న ప్రతి. కమిట్ అంటే దిద్ది సంతకం చేయడం. పుష్ అంటే దిద్దిన ప్రతిని నీ పేరు మీదున్న ఫోర్క్‌లో తిరిగి పెట్టడం. "ఇదే దిద్దుబాటు మీ అసలు కాగితం మీద కూడా చేస్తారా" అని అడగడమే పుల్ రిక్వెస్ట్. చేయాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. అసలు కాగితానికి అప్‌స్ట్రీమ్ అని పేరు. అది రోజూ మారుతుంటుంది కాబట్టి పని మొదలుపెట్టే ముందు అక్కడి నుంచి తాజా ప్రతి తెచ్చుకోవాలి. ఇవన్నీ ముందు నీ సొంత రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు) పదిసార్లు పాడుచేసి నేర్చుకో, ఎవరూ చూడరు.

లాప్‌టాప్ చిన్నదైతే క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం, ఫైర్‌ఫాక్స్ లాంటివాటిని బిల్డ్ చేయాలని (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేయాలని) చూడకు, రాత్రంతా ఫ్యాను తిరుగుతుంది, పొద్దునకు ర్యామ్ చాలక ఆగిపోయి ఉంటుంది. హాస్టల్ వైఫైకి పెద్ద రిపో చరిత్ర మొత్తం దిగదు. క్లోన్ చేసేటప్పుడు డెప్త్ 1 అని ఇస్తే తాజా ప్రతి ఒక్కటే వస్తుంది. గిట్‌హబ్ ఒక్కటే లోకం అనుకోకు, లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ వాళ్లు గిట్‌ల్యాబ్ అనే వేదిక వాడతారు, లిబ్రేఆఫీస్ వాళ్లు గెరిట్ అనే ఇంకొకటి, కెర్నల్ వాళ్లు ఇప్పటికీ ప్యాచ్‌లు ఈమెయిల్‌లోనే పంపుకుంటారు. ఏ ఇంటి ఆచారం ఏమిటో కాంట్రిబ్యూటింగ్ అన్న ఫైలులో ఉంటుంది. దాన్ని చదవకుండా ఏదీ పంపకు. లైసెన్స్ ఫైలు కూడా చూడు. జీపీఎల్, ఎంఐటీ, అపాచీ లాంటిది ఏదో ఒకటి ఉండాలి. లైసెన్స్ లేకుండా కోడ్ ఊరికే బయట పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ అయిపోదు.

నా మొదటి పుల్ రిక్వెస్ట్ గురించి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. మార్చాల్సింది మూడు లైన్లు. సేవ్ కొట్టగానే నా ఎడిటర్ ఫైలు మొత్తాన్ని తనకు నచ్చినట్టు సర్దేసింది, ట్యాబులు స్పేసులయ్యాయి, కోట్ గుర్తులు మారాయి. నేను చూసుకోలేదు. అవతల మెయింటెయినర్‌కు వెయ్యికి పైగా లైన్లు మారినట్టు కనిపించింది. "ఇందులో నీ మార్పు ఏది?" అని ఒక్క ముక్క రాసి మూసేశాడు. రెండు రోజులు ముఖం చాటేశాను. తర్వాత మళ్లీ ఆ మూడు లైన్లే పంపితే గంటలో తీసుకున్నారు. అప్పటినుంచి కమిట్ చేసే ముందు గిట్ డిఫ్ కొట్టి, ప్రతి లైనూ నేను మార్చిందేనా అని చూసుకోకుండా పంపలేదు. ఒక పుల్ రిక్వెస్టులో ఒకే పని పెట్టు. పనిలో పనిగా పక్క ఫంక్షన్ కూడా శుభ్రం చేశానంటే రివ్యూ చేసేవాడికి ఒళ్లు మండుతుంది.

మనవాళ్ల అలవాటు ఒకటి అడ్డం వస్తుంది, చెప్పక తప్పదు. "రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ అసైన్ దిస్ ఇష్యూ టు మీ" అని కొత్తవాళ్ల కోసం పెట్టిన ఇష్యూల కింద వరసగా పది కామెంట్లు ఉంటాయి. అందులో తొమ్మిదిమంది మళ్లీ కనపడరు. సర్ అక్కర్లేదు, పేరు పెట్టి పిలిస్తే చాలు, వాళ్ల దగ్గర అది అమర్యాద కాదు. అడిగే ముందు కోడ్ చూసి, "తప్పు ఫలానా ఫైలులో ఫలానా ఫంక్షన్ దగ్గర ఉందనుకుంటున్నాను, ఇలా మారుద్దామనుకుంటున్నాను, సరేనా" అని రాయి. చిన్న చిన్న వాక్యాలు చాలు. వ్యాకరణం తప్పితే ఎవరూ ఏమీ అనరు, చాలామంది మెయింటెయినర్లకు కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయి. రోజూ తట్టొద్దు, వాళ్లలో చాలామంది ఉద్యోగం అయ్యాక రాత్రిపూట ఈ పని చేస్తారు, జీతం లేకుండా.

గిట్‌హబ్ ప్రొఫైల్‌లో రోజువారీ పనిని చూపే గ్రీన్ డబ్బాలు నింపే యావ ఉంటే ఇప్పుడే వదిలెయ్. డిజిటల్ ఓషన్ కంపెనీ 2014లో మొదలుపెట్టిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగలో, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో ఒక విశేషణం చేర్చడం, ఒక చుక్క తీసేయడం, ఇలాంటివి వేలకొద్దీ వచ్చిపడ్డాయి. మెయింటెయినర్లు మొత్తుకుంటే, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు ఆ అక్టోబరులోనే నియమం మార్చారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు కూడా ఇదే తిప్పలు, ఏదో వీడియో పాఠం చూసి కొత్తవాళ్లు వరసపెట్టి తమ పేరు రీడ్‌మీలో రాసి పంపారు. అందులో మన దేశంవాళ్లు ఎక్కువని మనల్నే వేలెత్తి చూపారు. నీ పేరుతో అలాంటిది ఒకటి ఉన్నా రేపు ఇంటర్వ్యూలో చూసేవాడికి కనిపిస్తుంది. ఏఐ రాసిన కోడ్ సంగతీ అంతే. సహాయం తీసుకో, నేనూ తీసుకుంటాను. ఈ లైను ఎందుకు అని రివ్యూలో అడిగితే నీ సొంత మాటల్లో చెప్పలేని దాన్ని మాత్రం పంపకు. నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ ప్రోగ్రామ్ రాసిన డానియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో అల్లిన ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులు చదవడానికే టైమంతా పోతోందని బహిరంగంగా వాపోయాడు.

అనువాదం గురించి కూడా అడుగుతావేమో. ఫైర్‌ఫాక్స్‌కు పాంటూన్, లిబ్రేఆఫీస్‌కు వెబ్‌లేట్, వికీపీడియా నడిచే మీడియావికీకి ట్రాన్స్‌లేట్‌వికీ, అన్నీ బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు, గిట్ తెలియనక్కర్లేదు. తేలికనుకుని దిగుతారు గానీ అది తేలిక కాదు. "ఫలానావారికి పంపాం" అన్న వాక్యంలో పేరు వచ్చే చోట ఒక గుర్తు ఉంటుంది. ఇంగ్లీషులో ఏ పేరైనా అందులో ఇట్టే కూర్చుంటుంది. మనకు రవి అయితే "రవికి", సీత అయితే "సీతకు". కి పెట్టాలా కు పెట్టాలా, ఆ ప్రోగ్రాముకు తెలియదు. నేనైతే వాక్యాన్నే తిప్పేసి "అందుకునేవారు:" అని రాసి పక్కన పేరు వదిలేస్తాను. ఫైల్‌ను దస్త్రం అనాలా ఫైలు అనాలా అని ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు, నా ఓటు ఫైలుకే. మా నాన్నకు దస్త్రం అంటే తహసీల్దారు ఆఫీసు గుర్తొస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి ఒంటరిగా కొట్టుకోనక్కర్లేదు. లైనక్స్‌ను తెలుగులోకి తేవడానికి పనిచేసిన స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఇక్కడివాళ్లే. హైదరాబాద్ పైథాన్ యూజర్ గ్రూప్ మీటప్‌లు పెడుతుంది, 2018లో పైథాన్ సదస్సు పైకాన్ ఇండియా జరిగింది కూడా ఈ ఊళ్లోనే. మొదటిసారి వెళ్తే మూల కుర్చీలో కూర్చుని వెనక్కి రావద్దు, టీ బ్రేక్‌లో ఎవరినో ఒకరిని "మీరు దేనిమీద పనిచేస్తున్నారు" అని అడుగు. నాకు రీబేస్ (కమిట్లను తీసి తాజా ప్రతి మీద మళ్లీ పేర్చడం) అర్థమైంది వీడియో చూసి కాదు, అలాంటి ఒక టీ బ్రేక్‌లో ఒకాయన ఉస్మానియా బిస్కెట్లను కమిట్లలా పేర్చి చూపిస్తే. చివరి కమిట్‌ను తర్వాత నేనే తినేశాను.

ఉద్యోగం మాట. ఒక పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయిందని, అంటే అసలు కోడ్‌లో కలిసిందని, ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు, అలా వస్తుందని చెప్పే ఇన్‌స్టిట్యూట్‌కు ఫీజు కట్టకు. నేను ఇంటర్వ్యూలు తీసుకునేటప్పుడు చూసేది ఇది: ఏ తప్పు కనిపించింది, ఎలా పట్టుకున్నావు, రివ్యూలో ఏమన్నారు, నువ్వు ఏం మార్చావు. ఇది పది నిమిషాలు తడుముకోకుండా చెప్పగలిగినవాడి ప్రొఫైల్‌లో డబ్బాలెన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టను. ఆరు నెలలు ఒకే ప్రాజెక్టులో ఉంటే కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు కూడా దరఖాస్తు పెట్టొచ్చు. 2005 నుంచి విద్యార్థులకే ఉండేది, 2022 నుంచి 18 దాటిన కొత్తవాళ్లందరికీ తెరిచారు, కాబట్టి బీటెక్ అయిపోయిందని దిగులు అక్కర్లేదు. స్టైపెండ్ ఇస్తారు. అప్పటికప్పుడు దరఖాస్తు రాసేవాళ్లకంటే ముందునుంచి ఆ ప్రాజెక్టులో తిరుగుతున్నవాళ్లవైపే మెంటర్ల చూపు ఉంటుంది.

ఈ శనివారం నీ కాగితం మీదున్న వాటిలో రెండు మూడింట్లో "కిరాణా ఖర్చులు", "ద్రాక్ష", "జ్ఞానపీఠం" టైప్ చేసి చూడు. ఎక్కడ విరిగినా స్క్రీన్‌షాట్ తీసి, ఇష్యూ డ్రాఫ్ట్ ఇంగ్లీషులో నీకు వచ్చినట్టు రాసి, పంపే ముందు నాకు ఒకసారి చూపించు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను.